ఎవరు చదివారో చెప్పని పుస్తకం

కరోనా సెలవుల తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది నేను నరసరావుపేటలోని ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. జిల్లాలో కొన్ని కాలేజీలు కలిసి ఈ-పుస్తకాల కోసం కన్సార్షియం, అంటే ఉమ్మడి కొనుగోలు సంఘం, పెట్టుకున్నాయి. మా కాలేజీ తరఫున ఆ పని నాకు అప్పగించారు.

పద్ధతి కొత్తది. ఇంకా కొనని పుస్తకాలు కూడా కేటలాగులో కనిపిస్తాయి. ఎవరైనా ఒకదాన్ని తెరిచి, విషయసూచిక దాటి కొన్ని పేజీలు చదివితే చాలు, ఉమ్మడి నిధితో అది దానంతటదే కొనుగోలైపోతుంది. ఆపైన అన్ని కాలేజీలవాళ్లూ చదువుకోవచ్చు.

ఒకరోజు ఆ సంఘం కన్వీనర్ గారు ఫోన్ చేశారు. పెదవుల కదలికను చూసి మాట గ్రహించడం నేర్పే ఇంగ్లీషు పుస్తకం మా కాలేజీ నుంచి కొనుగోలైంది. అది ఏ సిలబస్‌లో ఉందో, ఎవరు చదివారో చెప్పమన్నారు. చెప్పకపోతే ఇకమీదట మా కాలేజీవాళ్లు ఏ పుస్తకానికైనా ముందుగా అనుమతి తీసుకోవాలన్నారు. ప్రిన్సిపాల్ గారూ పేరు అడిగారు. పాఠకుల ఐడీలు చూసే వీలు నాకుంది. కానీ ఎవరు ఏం చదివారో బయటపెట్టకూడదన్నది మా వృత్తి నియమం. చెప్పలేనన్నాను. బీఏ, బీకాం చదివే చోట ఆ పుస్తకం ఎవరికి కావలసొచ్చిందా అన్న కుతూహలం మాత్రం నాకూ ఉంది.

సంగతి స్టాఫ్‌రూమ్ దాటి క్లాసులకు పాకింది. రెండోరోజు బీకాం అమ్మాయి ఒకతె వచ్చింది. పేరు మార్చి రమీజా అంటాను.

"మేడమ్, ఆ పుస్తకం చదివింది నేనే. చదివితే కొన్నట్టని నాకు తెలవదు. నా ఐడీ తీసేస్తారా?"

తీసెయ్యరని చెప్పి కూర్చోబెట్టాను. కారణం నేను అడగలేదు, తనే చెప్పింది. వాళ్ల నాన్న దాచేపల్లి వైపు రాళ్ల క్రషర్ దగ్గర చానా ఏళ్లు పనిచేశాడు. ఆ మోతకు వినికిడి పోయింది. చెవికి మిషన్ పెట్టించినా మాట తెలియక ఇంట్లో మాట్లాడటం మానేశాడు.

"మేం గట్టిగా అరిచేవాళ్లం మేడమ్. అరిస్తే నోరు వంకర తిరిగి ఇంకా అర్థం కాదంట. ఇప్పుడు వెలుతురులో ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్తన్నాం. నిన్న ఆయనే అడిగాడు, కాలేజీలో ఏం చెప్పారే అని."

తెలుగు మీడియంలో చదివిన పిల్ల. ఫోన్‌లో ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుంటూ అంత దూరం చదివింది.

కన్సార్షియం సమావేశంలోనూ నేను పేరు చెప్పలేదు. అనుమతి షరతు సంగతి ఏడాది చివర వాడకం లెక్క చూశాకే నిర్ణయించండని కోరాను. కన్వీనర్ గారు అయిష్టంగానే ఒప్పుకున్నారు. ఆ లెక్క వచ్చేసరికి మాచర్ల నుంచి, గురజాల నుంచి కూడా ఆ పుస్తకాన్ని చదివినవాళ్లున్నారు. వాళ్లెవరో నాకు తెలియదు. కమిటీ స్వయంగా ఎంపిక చేసిన పుస్తకాల్లో కొన్నింటిని ఎవరూ తెరవనే లేదు. అనుమతి షరతు మాట మళ్లీ రాలేదు.

కారణం రాసిస్తేనే పుస్తకం అని ఉంటే రమీజా అడిగి ఉండేది కాదు. పాఠకుడి అవసరం ఏమిటో లైబ్రేరియన్‌కు తెలియకపోయినా ఫరవాలేదు, పుస్తకం అందితే చాలు.