ఆల్బమ్‌లో ఖాళీ పేజీలు

అమెరికాలోని మా పార్సిప్పనీలో ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్ మెట్లు దిగినా తెలుగు వినిపిస్తుంది. నా చిన్నప్పుడు మా వీధిలో తెలుగు మాట్లాడేది మా ఇంట్లోనే. నాన్న ఆస్పత్రిలో ట్రైనింగ్‌లో ఉండేవారు. అమ్మ చంటి తమ్ముడితో సతమతమయ్యేది. బడి నుంచి వచ్చాక పలకరించేవాళ్ళు లేక నేను మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని.

సెలవుల్లో ఇండియాకి, అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్తానన్న నాన్న, ఈ ఏడు కుదరదన్నారు. కారణం చెప్పలేదు. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను.

పక్కింట్లో ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవారు. నా ముఖం చూసి ఏమనుకున్నారో, ఒకరోజు పాత ఆల్బమ్ తెచ్చి నా పక్కన కూర్చున్నారు. అందులో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవైన రంగుల కార్డులు, వాటి మీద బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలు. ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఒకటి తీసి వెనక్కి తిప్పి చూపించారు. సిగరెట్ల ప్రకటన. ఆయన చిన్నతనంలో సిగరెట్లు నలగకుండా పెట్టెలో ఈ అట్టముక్క పెట్టేవారట. పిల్లలు బొమ్మల కోసం తండ్రుల వెంటపడితే, తండ్రులు ఆ సిగరెట్లే కొనేవారట.

చివరి పేజీలన్నీ ఖాళీ. పోయాయా అని అడిగాను. ఆయన ఇంగ్లీషులో చెప్పిందంతా నాకు తెలుగులోనే గుర్తుండిపోయింది.

"పోలేదు, అసలు రానేలేదు. దగ్గు పట్టుకోవడంతో మా నాన్న సిగరెట్లు మానేశాడు. కార్డులు ఆగిపోయాయని ఆయనతో మాట్లాడలేదు నేను. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. నా పెళ్ళిలో డ్యాన్స్ కూడా చేశాడు." ఖాళీ పేజీని అరచేత్తో నిమిరి, "నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే" అన్నారు.

ఆ సాయంత్రం నాన్న రాగానే, "ఎందుకు వెళ్ళట్లేదు నాన్నా?" అని అడిగాను. బూట్లైనా విప్పకుండా నా పక్కన కూలబడ్డారు.

"ఎగ్జామ్ ఉంది తల్లీ. పాసైతే నైట్ డ్యూటీలు తగ్గుతాయి. సాయంత్రాలు నీతో ఉండొచ్చు."

పాసయ్యారు. సాయంత్రాలు ఇంట్లోనే ఉన్నారు. కానీ అమ్మమ్మను నేను మళ్ళీ చూడలేదు, ఆ చలికాలంలోనే పోయింది. ఆ వెలితి ఈనాటికీ తీరలేదు. నాన్న మీద మాత్రం కోపం రాలేదు.

ఇప్పుడు నేనూ ఒక్కదాన్నే ఉంటున్నాను. వస్తామన్నవాళ్ళు రాని ఆదివారాలు ఉంటాయి. వండినవి చల్లారిపోతాయి, మనసు చివుక్కుమంటుంది. అయినా అలిగి కూర్చోను. నేనే ఫోన్ చేసి, "ఏమైందమ్మా, అంతా బాగున్నారా?" అని అడుగుతాను.