బిజినేపల్లి దారిలో పత్తిచేను నా వెంట పడింది

నాకు కుదురుగా కూర్చోవడం రాదు. ఆఫీసులో ఫోన్ వస్తే లేచి తిరుగుతూ మాట్లాడతాను. సినిమాకు వెళ్తే ఇంటర్వెల్ ఎప్పుడిస్తాడా అని చూస్తాను. "కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టావే తల్లీ" అని మా ఆయన ఎగతాళి చేస్తుంటారు. ఆ చక్రాలకు నాలుగేళ్ళ కిందట ఒక దారి దొరికింది. హైదరాబాద్‌లో ప్రతి ఆదివారం తెల్లవారుజామున సరదాగా పరుగెత్తే ఒక గుంపులో చేరాను. మాలో ఎవరూ పతకాలు గెలిచేవాళ్ళు కాదు. బూట్లు వేసుకుని వచ్చిన ప్రతివాళ్ళనీ "రండి రండి" అని కలుపుకునే మనుషులు, అంతే. ఆ ఒక్క గంట తర్వాత వారమంతా నా మనసు కాస్త నిలకడగా ఉండేది. అలాంటిది పోయిన వేసవిలో మోకాలి కింద ఎముకకు సన్నని చీలిక వచ్చింది. డాక్టరు నెలల తరబడి పరుగు మాన్పించారు. ఎముక అతికాక "ఇక మీ ఇష్టం" అన్నారు గానీ, నా ఇష్టం నా చేతిలో లేకుండా పోయింది. కొంత దూరం పోగానే, నొప్పేమీ లేకపోయినా, 'ఇదిగో ఇప్పుడు విరుగుతుంది' అనే భయం పట్టుకునేది. ఆగిపోయేదాన్ని. ఎన్నిసార్లు బయల్దేరినా ఇదే తంతు.

వచ్చే నెల మా గుంపంతా హాఫ్ మారథాన్‌లో పరుగెత్తుతోంది. నా పేరు ఉంచాలో తీసేయాలో సోమవారంలోగా చెప్పమన్నారు. "తొందరేం లేదండీ, నెమ్మదిగా కోలుకోండి" అని అందరూ మంచిగా చెప్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. చివరికి నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. ఎక్కడైనా తెలియని రోడ్డు మీద, ఇరవై కిలోమీటర్లు, ఒక్కసారి కూడా ఆగకుండా పరుగెత్తాలి. ఆగితే పేరు తీసేయమంటాను, బూట్లు పనమ్మాయికి ఇచ్చేస్తాను. ఈ గొడవంతా వేరే ఊళ్ళవాళ్ళు కూడా ఉండే మా ఈమెయిల్ గ్రూపులో రాస్తే వనపర్తి నుంచి ఖలీల్ భాయ్ జవాబిచ్చారు. ఆయనకు అక్కడ చీరల దుకాణం ఉంది. రోజూ పరుగెత్తుతారు. మేం ఒకరినొకరం ఎప్పుడూ చూసుకోలేదు. "మా దిక్కు రాండ్రి మేడమ్. రోడ్లు మస్తు ఖాళీ. ఆగుదామన్నా నీడ దొరకది" అని రాశారు. ఆ చివరి మాట నాకు తెగ నచ్చింది.

శనివారం పొద్దున కాచిగూడలో రైలెక్కి గద్వాల బయల్దేరాను. వనపర్తికి నేరుగా వెళ్ళాలంటే బెంగళూరు వైపు బస్సులో కొత్తకోటలో దిగి ఇంకో బస్సు పట్టుకోవడం సులువు. కానీ ఖలీల్ భాయ్ ఆ రోజు చీరల కోసం గద్వాలకు వస్తున్నారు, అక్కడే కలుద్దామన్నారు. మహబూబ్‌నగర్ దాటేసరికి సీట్లో కూర్చోలేక తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. రైలు ఆగిన ప్రతి స్టేషన్లో ఆగిపోయింది నేనే అనిపించింది. గద్వాలలో దిగి ఆటో ఎక్కాను. స్టేషన్ నుంచి కోట దాకా ఇరవై రూపాయలు అడిగితే పదిహేనుకు ఒప్పుకున్నాడు.

"కోట చూసుడుకు వచ్చిన్రా? లోపల గుడుంది, కాలేజుంది. ఒక గంట సరిపోతది" అన్నాడు డ్రైవరు.

"పరుగెత్తడానికి వచ్చాను."

అతను అద్దంలో నన్ను కిందికీ మీదికీ చూశాడు. "పోలీసు సెలక్షన్లా మేడమ్? ఏజు దాటలేదా?"

నాకు ముప్ఫై ఏడు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

ఖలీల్ భాయ్ కోట దగ్గరి సందులో ఒక నేతగాళ్ళ ఇంట్లో, మంచం మీద పరిచిన చీరల మధ్య ఉన్నారు. బక్కపల్చని మనిషి, నెరిసిన గడ్డం, కాళ్ళకు మాత్రం తళతళలాడే పరుగు బూట్లు. ఎన్నాళ్ళ నుంచో తెలిసిన చుట్టాన్ని చూసినట్టు లేచి నిలబడి, "కాలెట్లుంది?" అని అడిగారు. ప్రయాణం ఎలా జరిగింది, ఏం తిన్నారు, ఏమీ లేదు. ముందు కాలు. పరుగెత్తేవాళ్ళు అందరూ ఇంతే, అందుకే నాకు వీళ్ళంటే ప్రాణం. పక్కనే హోటల్లో జొన్నరొట్టె, పప్పు తిని మధ్యాహ్నం బస్సెక్కాం. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన, పెబ్బేరు మీదుగా వనపర్తికి రెండు గంటలు పట్టింది. దారి పొడవునా ఆయన బూట్ల గురించి, నేను నా భయం గురించి మాట్లాడాం. వంతెన మీద మాత్రం ఇద్దరం కిటికీలోంచి నదినే చూశాం, అంత బాగుంది.

రాత్రి వాళ్ళింట్లోనే బస. ఆయన భార్య, నేను భాభీ అని పిలిచాను, నా పళ్ళెంలో కిచిడీ, చింతపండు పులుసుతో చేసిన ఖట్టా వడ్డిస్తూ, "బిర్యానీ చేద్దునమ్మా, గని పొద్దుగాల ఉరకాలె గద. తిన్నోళ్ళు తర్వాత నన్ను తిట్టుకుంటరు" అన్నారు. పడుకున్నాక నేను పది సార్లు లేచి కాలు తడుముకుని చూసుకున్నాను.

ఆదివారం ఇంకా చీకటి ఉండగానే ఊరి చివరి పెట్రోల్ బంకు దగ్గరికి చేరాం. ఖలీల్ భాయ్‌తో రోజూ పరుగెత్తే ఇద్దరు కూడా వచ్చారు, ఒక కాలేజీ లెక్చరరు, ఒక బస్సు కండక్టరు. కండక్టరుకు ఆ పూట డ్యూటీ ఉందట, అయినా నన్ను సాగనంపడానికే వచ్చాడు. "హైదరాబాద్ నుంచి వచ్చిన్రంటే మాకు పండుగనే మేడమ్" అని చెయ్యి కలిపి డిపోకు వెళ్ళిపోయాడు. మిగతా ఇద్దరినీ ముందు వెళ్ళమన్నాను. పక్కన మనిషి ఉంటే మాటలు పెట్టుకుని, ఆ సాకుతో ఆగుతానని నాకు తెలుసు. "బిజినేపల్లి హోటల్ కాడ ఉంటం. ఫికర్ చేయకుండ్రి" అని ఖలీల్ భాయ్ చీకట్లో కలిసిపోయారు.

మొదటి గంట హాయిగా గడిచింది. చలిగాలి, రోడ్డుకు రెండు వైపులా ఆముదం చేలు, పత్తిచేలు, అక్కడక్కడ నల్లటి రాతిగుట్టలు. అప్పుడప్పుడు ఒక జీపు, పాల క్యాన్లు కట్టుకున్న బండి. పొద్దు పొడిచింది. నీడ దొరకదని ఖలీల్ భాయ్ చెప్పింది అక్షరాలా నిజం. సగం దూరం దాటాక భయం వచ్చింది. ఎప్పటిలాగే, నొప్పి లేకుండానే. అడుగు వేసిన ప్రతిసారీ ఎముక లోపల ఏదో కదిలినట్టే ఉంది. నా వేగం నడక కంటే కాస్త మెరుగు, అంతే. 'ఆ కల్వర్టు దాకా పోయి ఆగుతాను' అనుకున్నాను. కల్వర్టు వచ్చింది. 'సరే, ఆ తుమ్మచెట్టు దాకా' అనుకున్నాను. ఇంత దూరం వచ్చి, ఇంతమందిని శ్రమపెట్టి, మళ్ళీ అదే పని చేయబోతున్నానని నా మీద నాకే అసహ్యం వేసింది.

సరిగ్గా అప్పుడు పక్క పత్తిచేను గట్టు మీద నుంచి ఒక రైతు కేకేశాడు. "ఏమైందమ్మా? ఏమైంది?"

ఊపిరి అందక నోట మాట రాలేదు. బిజినేపల్లి పోతున్నానని చెప్పడానికి చెయ్యి ఎత్తి ముందుకు చూపించాను. నేను చేసిన పొరపాటు అదే. ఆ మనిషి చేతిలో పార అక్కడే పడేసి, చేనువైపు తిరిగి ఏదో అరిచి, రోడ్డెక్కి నా వెనక పరుగు అందుకున్నాడు. తిరిగి చూస్తే అతని వెనక పత్తి ఏరుతున్న ముగ్గురు ఆడవాళ్ళు కొంగులు బిగించి వస్తున్నారు. ఒకామె చేతిలో తాడు, ఇంకొకామె చేతిలో కర్ర. వాళ్ళ చేన్లో ఏమైనా తొక్కానా? దొంగననుకున్నారా? కాలు సంగతి పూర్తిగా మర్చిపోయి ఉన్న బలమంతా పెట్టి పరుగెత్తాను. వాళ్ళూ వేగం పెంచారు.

ఎంత పరుగెత్తినా రబ్బరు చెప్పులతో ఆ రైతు నన్ను అందుకున్నాడు. పక్కనే పరుగెత్తుతూ, "ఎంత దూరమమ్మా ఇంకా? ఎవలకు పురుగు ముట్టింది?" అన్నాడు. పాము కాటును వాళ్ళు అలాగే అంటారు.

"ఎవరికీ లేదు" అన్నాను రొప్పుతూ.

"మరి కరెంటు కొట్టిందా? బాయిల వడ్డరా?"

"లేదన్నా. ఎవరికీ ఏమీ కాలేదు."

"మరెందుకు ఉరుకుతున్నవ్?"

"ఉత్తగనే."

ఊరికే అనబోతే ఆ ఒక్క మాట వాళ్ళ యాసలోనే ఎలా వచ్చిందో నాకు తెలియదు. అతను కొన్ని అడుగులు అలాగే నా పక్కన పరుగెత్తి, నా ముఖం చూసి, వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు. "ఓ నర్సమ్మా! ఎవలకేం కాలేదంట! ఉత్తగనే ఉరుకుతుందంట!"

కర్ర పట్టుకున్నామె నర్సమ్మ, అతని భార్య. తాడు ఉన్నామె, మూడో ఆమె ఇద్దరూ నడుం పట్టుకుని రోడ్డు మీదే నిలబడిపోయి పగలబడి నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. కర్రతో సహా నా పక్కకు వచ్చి, "ఓసి నీ ఉరుకుడు గాల! పత్తి ఇడిసిపెట్టి వస్తిమి గదనే! నా పానమంత పరేషాన్ అయింది" అని తిట్టడం మొదలుపెట్టింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని చెబుతూ అడుగు తగ్గించాను. ఆగబోయాను.

"ఆగుతవేంది?" అంది నర్సమ్మ.

"భయమవుతోందమ్మా. కాలు విరిగింది ఇదివరకు."

"ఇప్పుడు ఇరిగిందా?"

"లేదు."

"మరి ఉరుకు! నడుమల ఇడిసిపెడితె మేం ఉరికొచ్చింది దండుగ గాదా? ఇరిగితె మేం లేమా, తాడు గిట్ల తెచ్చుకున్నం, కట్టుకొని మోసుకపోతం."

అలా అని ఆమె ఊరికే ఉండలేదు. ముందున్న మలుపు దాకా చీర ఎగ్గట్టి, కర్ర ఊపుకుంటూ, నా పక్కనే పరుగెత్తింది. ఆమె భర్త వెనకనుంచి "ముసల్దానా, నువ్వేడికే?" అని నవ్వుతూ పిలుస్తూనే ఉన్నాడు. మలుపు దగ్గర నర్సమ్మ నా వీపు మీద చేత్తో ఒకటి చరిచి, "పో బిడ్డా" అని నిలబడిపోయింది. నేను తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయం. ఏడుస్తూ పరుగెత్తడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

బిజినేపల్లి హోటల్ ముందు బెంచీ మీద ఖలీల్ భాయ్, లెక్చరరు గారు చాయ్ తాగుతున్నారు. నా ముఖం చూసి భాయ్ గ్లాసు కింద పెట్టేశారు. "ఏమైంది మేడమ్? కాలా?"

"ఏం కాలేదు భాయ్, ఆగలేదు" అన్నాను. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాను. హోటలాయన నాకు చాయ్‌లో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసి ఇచ్చాడు.

ఖలీల్ భాయ్ వాళ్ళు వనపర్తి బస్సెక్కారు, నేను నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. అరగంటలో చేరి, బస్టాండు పక్కన ఇడ్లీ తిని, కల్వకుర్తి మీదుగా హైదరాబాద్ బస్సు పట్టుకున్నాను. కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాను. చాలా కాలం తర్వాత ఒకచోట కుదురుగా కూర్చున్నానని దిగాక గుర్తొచ్చింది. సోమవారం పొద్దున గ్రూపుకు ఒక్క లైను రాశాను: నా పేరు ఉంచండి. మా గుంపులో నేను ఎన్నిసార్లు ఆగినా జాలిపడ్డారు, ఓదార్చారు, అది కూడా ప్రేమే. కానీ ఎవరో పరుగెత్తుతున్నారంటే ఎవరికో ఏదో అయిందని, ఎందుకని అడగకముందే చేతిలో పని పడేసి తోడు వచ్చే మనుషుల్ని నేను అంతకు ముందు చూడలేదు. నేను చేరిన మొదటి గుంపులో బూట్లుంటే చాలు. ఈ గుంపులో అవి కూడా అక్కర్లేదు.

ఆ రోడ్డు మీద పరుగెత్తాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. చలికాలంలో వెళ్ళండి, పొద్దు పొడవకముందే మొదలుపెట్టండి, నీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి. ఎవరైనా చేన్లోంచి "ఏమైంది?" అని కేకేస్తే మాత్రం పొరపాటున కూడా చెయ్యి ముందుకు చూపకండి, "ఏం కాలేదు, ఉత్తగనే!" అని ఊపిరి ఉన్నంత గట్టిగా అరవండి. ఇక ఆగిపోతాననిపిస్తే, అప్పుడు మీ ఇష్టం, చెయ్యి చూపండి.