కండ్లు కనపడవా?

డ్రైవరైనవాడికి స్టీరింగుతో పాటు ఒక తిట్టు కూడా చేతికొస్తుంది. "కండ్లు కనపడవా?" అడ్డం వచ్చినవాడికీ అదే, చెయ్యి చూపకుండా పక్కకు తిరిగినవాడికీ అదే, రోడ్డు మధ్యలో నిలబడి ఫోను మాట్లాడేవాడికీ అదే. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే ప్రైవేటు బస్సును నేను ఇరవై ఏడేళ్ళు నడిపాను. ఆ మాట ఎంతమందిని అని ఉంటానో చెప్పలేను. అనేసి, గేరు మార్చి, పోయేవాణ్ణి. అందులో ఒక ప్రశ్న ఉందని, దానికి జవాబు కూడా ఉంటుందని నాకు ఎప్పుడూ తట్టలేదు.

నా చూపు మీద నాకు బాగా పొగరుండేది. ఎదురుగా వచ్చే బస్సు బోర్డు మీద బి.కొత్తకోట అని ఉందా, నిమ్మనపల్లె అని ఉందా అన్నది చాలా దూరం నుంచే చెప్పేసేవాణ్ణి. మా కండక్టరు నా వయసువాడే. పంతొమ్మిదేళ్ళు నాతోపాటు ఆ బస్సులోనే ఉన్నాడు. వెనక మెట్ల దగ్గర నిలబడడం ఆయన అలవాటు. "నీవి కండ్లు కాదన్నా, హెడ్‌లైట్లు" అని అక్కడినుంచే అరిచేవాడు. నేను కాదనేవాణ్ణి కాదు.

ఆ పొగరు వెనక ఒక భయం కూడా ఉండేది. మా ఓనరు దగ్గర పనిచేసే ఇంకో డ్రైవరు ఒకరోజు కళ్ళద్దాలు పెట్టుకొని డ్యూటీకి వచ్చాడు. వారం తిరిగేసరికి ఓనరు, ఇకమీదట షెడ్డులో టైర్లూ డీజిలూ చూసుకొమ్మన్నాడు. ఆ మనిషి షెడ్డు ముందర స్టూలు వేసుకొని వచ్చే పోయే బస్సులను చూస్తూ కూర్చునేవాడు. నేను అటు చూడకుండా తల తిప్పుకొని నా బస్సెక్కేవాణ్ణి. నా డ్రైవరు సీటు పోతే నేనెవరో నాకే తెలియదు. అందుకని కళ్ళ డాక్టరు గడప తొక్కకూడదని తీర్మానించుకున్నాను. చూపించుకుంటేనే కదా ఏదైనా బయటపడేది!

మదనపల్లె బస్టాండు దగ్గర ఒక కళ్ళద్దాల అంగడి ఉంది. అంగడి సాయిబు నాకు పాత స్నేహితుడు. సాయంత్రం బస్సు షెడ్డులో పెట్టేశాక ఆయన అంగట్లో కూర్చొని టీ తాగేవాణ్ణి. ఎదురుగోడకు అక్షరాల అట్ట వేలాడుతూ ఉండేది. పైన పెద్ద గ. దాని కింద న, ర. ఆ కింద ట, వ, ల. అట్లా వరుస వరుసకూ చిన్నవవుతూ చివరికి చీమలంత అవుతాయి. టీ చల్లారేదాకా చూడడానికి అక్కడ ఇంకేమీ ఉండేది కాదు, అందువల్ల ఎప్పుడో తెలియకుండానే నోటికొచ్చేసింది. బళ్ళో ఒక్క పద్యం అప్పజెప్పలేక గోడకుర్చీ వేసినవాణ్ణి నేను. ఆ అట్టను మాత్రం నిద్రలేపి అడిగినా చెప్పగలను.

"భాయ్, ఒకతూరి లోపలికొచ్చి మిషన్ ముందర కూర్చో. ఐదు నిమిషాల పని" అనేవాడు సాయిబు.

"నాకేమొచ్చింది? సూడు, నీ అట్ట మొత్తం సదివేస్తా" అని కూర్చున్నచోటు నుంచే చదివేసేవాణ్ణి.

"క్యా బాత్ హై!" అని నవ్వి ఆయన ఊరుకునేవాడు.

మరి లైసెన్సు రెన్యూవల్‌కు కంటి పరీక్ష ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. నేను పోయినచోట అదీ ఆ అట్టే. మొదట్లో చూసి చదివాను. తరువాత సగం చూసి, సగం చూడకుండా చదివాను. చివరిసారి కింది రెండు వరుసలూ నాకు చీమలుగా కూడా కనిపించలేదు, వట్టి మరకలు. అయినా తడబడకుండా చదివేశాను. సొంత ఇంటికి పోయేవాడు దారి చూసుకుంటూ పోతాడా ఏమిటి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మోసం చేశానని అప్పుడు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ తరువాత ఒకటి రెండేళ్ళకు రోడ్డు మీద జనానికి బొత్తిగా బుద్ధి లేకుండా పోయింది. నాకు అట్లాగే తోచింది. ఎడమ పక్క నుంచి స్కూటర్లు ఊడిపడేవి. గొర్రెలు ఊడిపడేవి. ఆటోల సంగతి చెప్పనక్కరలేదు. పలమనేరు చేరేలోగా నా గొంతు బొంగురుపోయేది. ఇంటికొచ్చి మా ఆవిడతో, ఈ కాలంలో ఎవడికీ బండి నడపడం రాదని విసుక్కునేవాణ్ణి. సరిగ్గా ఆ రోజుల్లోనే మా కండక్టరు వెనక మెట్లు వదిలి ముందు మెట్ల మీదకు మారాడు. తల బయటపెట్టి, "ఎడమ, ఎడమ! ఆటో ఉండాది! ఆఁ, పోనీ!" అని ప్రతిదానికీ కేక వేసేవాడు.

"ఏమప్పా, నాకు కొత్తగా డ్రైవింగు నేర్పిస్తాండావా?" అన్నాను ఒకరోజు.

"ఎనక ఎండ కొడతాండాదన్నా" అన్నాడు. అప్పటికి పొద్దు పూర్తిగా పొడవనే లేదు.

ఒక చలికాలం ఉదయం పుంగనూరు మొదట్లో ఏదో తగిలిన చప్పుడయింది. కండక్టరు అప్పుడు వెనకవైపు టికెట్లు కొడుతున్నాడు. బ్రేకు వేసి దిగి చూస్తే, ఎడమ పక్క ఒక మోపెడ్ పడి ఉంది. దాని వెనక కట్టిన టమాటా ట్రేలు బోర్లాపడి రోడ్డంతా టమాటాలే. బస్సు పక్క రేకు మోపెడ్ హ్యాండిలుకు తగిలింది. ఇంకో జానెడు పక్కకు జరిగి ఉంటే మనిషికే తగిలేది. ఆ ఆలోచన అప్పుడు నాకు రాలేదు. నోటికి వచ్చింది పాత మాటే.

"కండ్లు కనపడవా నీకు? బస్సంత బస్సు వస్తాంటే అడ్డమొస్తావా?"

ఆయనకు యాభై దాటి ఉంటాయి. తలకు మఫ్లరు చుట్టుకొని ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూసి, గొంతు పెంచకుండా అన్నాడు.

"నేను యాడికీ రాలేదప్పా. ఈడ్నే నిలబడుకోనుండాను. నువ్వే వస్తివి."

నేను విననేలేదు. ప్యాసింజర్లు కూడా నా వైపే మాట్లాడారు, వాళ్ళకు టైమైపోతోంది మరి. ఆయన వంగి, చితకని టమాటాలు ఏరి ట్రేలో వేసుకుంటుంటే నేను హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాను.

ఆ నెలలోనే కుప్పంలో నా సంగతి బయటపడింది. బస్సు పదిన్నరకు కుప్పం చేరి, ఒంటిగంటన్నరకు తిరుగుప్రయాణం కడుతుంది. మా కూతురు అక్కడ టీచరు. మధ్యలో దొరికే సమయంలో ఆమె ఇంట్లో అన్నం తిని వచ్చేవాణ్ణి. ఒక ఆదివారం, స్కూలుకే రమ్మని, క్యారేజీ అక్కడికే తెచ్చానని ఫోను చేసింది. పోయి చూస్తే స్కూల్లో ఉచిత కంటి పరీక్షల క్యాంపు. నన్ను పిలిపించింది అన్నానికి కాదని అర్థమైంది.

"యాలమ్మా ఇదంతా? నాకేమైంది?"

"మొన్న ఫోన్లో నా ఫొటో సూసి, ఈమె మీయమ్మేనా అని నన్నే అడిగినావు నాయనా. పోయి లైన్లో నిలబడు. తర్వాతనే అన్నం."

లైన్లో నిలబడే ముందు గదిలోకి పోయి అట్టను దగ్గరగా చూసుకున్నాను. మా సాయిబు అంగట్లో ఉండేదే, అచ్చం అదే. గుండె కుదుటపడింది. అరగంట తరువాత, నాకు ముందున్న అవ్వ పరీక్ష అయ్యాక, నా వంతు వచ్చింది. పరీక్షలు చెయ్యడానికి కర్ణాటక సరిహద్దు అవతల నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా ఎడమకన్ను మూసి, చదవమంది. దూరంగా, పైన, పెద్ద గ మసగ్గా కనిపించింది. నాకది చాలు. గ, న, ర, ట, వ, ల అని మొదలుపెట్టి అడుగు వరుస దాకా గంట కొట్టినట్టు చదివేశాను.

ఆ అమ్మాయి అట్ట వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది.

"ఏం చదివినారు అంకుల్?"

"దాంట్లో ఉండేదే కదమ్మా."

"అంకుల్, అది కన్నడ."

నా ముందున్న అవ్వ కన్నడం చదువుకున్న మనిషి. అట్టకు ఒకవైపు తెలుగు, ఇంకోవైపు కన్నడం. ఆమె కోసం తిప్పినవాళ్ళు మళ్ళీ ఇటు తిప్పడం మరిచిపోయారు. కన్నడం గకూ మన గకూ తలమీది గీతలోనే తేడా. కింది వరుసల్లో మాత్రం మన అట్టలో ఉన్నవి కాకుండా వేరే అక్షరాలు రాశారు. వాటిలో ఒక్కటి కూడా నేను చూడలేదని ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది. వెనక నిలబడినవాళ్ళు పగలబడి నవ్వారు. మా కూతురు నవ్వలేదు.

ఆ అమ్మాయి అట్ట తిప్పి, ఈసారి వరుస తప్పించి ఎక్కడో ఒక అక్షరం మీద పుల్ల పెట్టింది. నోరు చెబుతున్నదేదో, కన్ను చెబుతున్నదేదో నాకే తేలలేదు.

"కనపడలేదమ్మా" అన్నాను. ఆ మాట నా గురించి నేను అనుకోవడం అదే మొదలు.

కళ్ళలో చుక్కలు వేశారు. నాలుగైదు గంటలు మసగ్గా ఉంటుందని, బండి నడపవద్దని చెప్పారు. స్టాండులో మా బస్సు అప్పటికే సగం నిండి ఉంది. మా కూతురు చెయ్యి చాపి తాళం అడిగింది. ఇచ్చేశాను. ఓనరుకు ఫోను చేసి, స్టాండులో ఇంకో డ్రైవరును పట్టుకునేసరికి గంట ఆలస్యమైంది. బస్సుకేమైందని జనం గొడవ చేస్తుంటే మా కండక్టరు, "బండి బాగుండాది, డ్రైవరుకే రిపేరు" అన్నాడు.

మరునాడు కుప్పంలోనే పెద్దాసుపత్రికి పోయాం. అక్కడ తెల్లటి గిన్నెలాంటి మిషన్లోకి చూస్తూ, చుక్కంత వెలుతురు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఎడమకంటికి పెట్టినప్పుడు ఎంతసేపటికీ వెలుతురు రాలేదు. మిషన్ ఆగిపోయినట్టుందని చెప్పాను. నడుస్తానే ఉండాది పెద్దాయనా, అన్నారు.

డాక్టరమ్మ ఆ మిషన్లోనుంచి వచ్చిన కాగితం ముందర పెట్టి నెమ్మదిగా చెప్పింది. "రెండు కండ్లల్లోనూ పొర ఉండాది. అది తీసేస్తే అక్షరాలు మళ్ళీ కనపడతాయి. ఎడమ కంట్లో ఇంకోటి కూడా ఉండాది, నీటికాసులు. లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటాది. నొప్పుండదు, ఎరుపుండదు. పక్కచూపును కొంచెం కొంచెంగా తినేస్తాది. పోయిన చూపు రాదు. ఉండేదాన్ని మందు చుక్కలతో కాపాడుకోవల్ల."

"ముందే వచ్చుంటే?"

"ఏడాదికొకసారి వచ్చుంటే ఈ నలుపు చానావరకు ఉండేది కాదు" అని, మా కూతురి వైపు తిరిగింది. "ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకూ వచ్చే జబ్బమ్మా. మీరూ చూపించుకోండి."

కాగితం మీద ఎడమవైపు పెద్ద నల్లమచ్చ, నాకు కనపడని మేర అంతా అదేనట. దాన్ని చూస్తుంటే టమాటాల మనిషి మాట గుర్తొచ్చింది. ఈడ్నే నిలబడుకోనుండాను. స్కూటర్లూ గొర్రెలూ ఎక్కడినుంచో ఊడిపడలేదు. ఉన్నచోటనే ఉన్నాయి, నాకు ఆలస్యంగా కనిపించాయి. అట్లాంటి కంటితో వెనక యాభైమందిని కూర్చోబెట్టుకొని తిరిగాను. బస్సులో ఎప్పుడూ వెయ్యని భయం ఆ గదిలో కుర్చీలో కూర్చున్నాక వేసింది.

బస్సు తాళాలు ఓనరు చేతిలో నేనే పెట్టాను. ఆయన షెడ్డులో స్టూలు చూపించాడు. కూర్చున్నాను. అనుకున్నంత ఘోరంగా లేదు, బాగా ఉందని కూడా చెప్పను. పొరలు తీయించుకున్నాక సాయిబు అంగట్లో అట్టను చూసి చదివాను, చీమల వరుసతో సహా. ఆయన ఈసారి క్యా బాత్ హై అనలేదు. మిషన్ ముందర బలవంతంగానైనా కూర్చోబెట్టి ఉండాల్సిందని తలపట్టుకున్నాడు.

ఒకరోజు షెడ్డులో కండక్టరును అడిగాను, నీకు తెలుసునా అని.

"ఏడాదిగా తెలుసన్నా."

"సెప్పలేదేమప్పా?"

"సెప్తే ఊరుకుంటావా? కండ్లు కనపడవా అని నన్నే తిట్టుంటావు."

నిజమే, తిట్టి ఉండేవాణ్ణి. అయినా ఆయన మీద కోపం వచ్చింది, ఇప్పటికీ కొంచెం ఉంది. ఒకడు చూడకుండా, ఇంకొకడు చెప్పకుండా ఇద్దరం కలిసి ఆ బస్సును నడిపాం.

మూడు నెలలకోసారి కంటి ఒత్తిడి చూపించుకోవడానికి కుప్పం పోతాను. మొన్న పోయేటప్పుడు పుంగనూరు మొదట్లో దిగాను. ఆ మనిషి అక్కడే ఉన్నాడు. అదే మోపెడ్, అవే ట్రేలు. మార్కెట్టుకు పోయే లారీ కోసం ఆ వేళకు దినమూ అక్కడే నిలబడతాడట.

"అప్పా, ఆ పొద్దు నీ ట్రేలు పడేసిన బస్సు డ్రైవర్ని నేనే. తప్పు నాది. నాకు ఎడమ పక్క కనపడదు. అప్పుడు నాకే తెలీదు. నిన్ను ఊరికే తిట్టినాను."

ఆయన గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"తిట్టింది పోనీలేప్పా. నువ్వట్లంటివని ఇంట్లో సెప్తి. మా ఇంటామె ఊరుకోలే. నిజంగానే కనపడలేదేమో, పోయి సూపించుకో అనె. మదనపల్లెకు పోయి సూపించుకుంటి."

"ఏమన్నారు?"

"బాగుండాయన్నారు. అయినా ఏడాదికొకతూరి రావల్లన్నారు. ఈ చలికాలం మల్లా పోవల్ల."

లారీ వచ్చింది. ట్రేలు ఎక్కించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. ఇరవై ఏడేళ్ళుగా నేను అందరినీ అడిగిన ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి పోయినవాడు, నాకు తెలిసి, ఆయనొక్కడే. అడిగిన నేను నా అంతట నేను పోలేదు.