కంపు కొట్టని తొట్టి

ఆ కూరగాయల మార్కెట్లో ఆమెను పేరుపెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ ఆమె కంపక్క. ఆ పిలుపుకే పలికేది, పలకక చస్తుందా? కుళ్ళిన టమాటాలు, చీమలు పట్టిన గుమ్మడిముక్కలు, వాడిపోయిన ఆకులు బుట్టలకెత్తి, మార్కెట్ వెనక గ్యాసు తొట్టిలో పోయడం ఆమె పని. ఎంత రుద్ది కడిగినా చేతులకు ఆ వాసన వదలదు. కట్టుకున్నవాడు కంచం పట్టుకుని అవతలి గదిలోకి పోయి తింటాడు. అదే పెద్దమనిషి పొద్దస్తమానం మార్కెట్ కాంటీన్లో కూర్చుని తాగే టీ మాత్రం ఈ తొట్టి గ్యాసు మీద కాగిందే! ఛీ, మనిషన్నాక కాస్త సిగ్గుండొద్దూ!

తొట్టి అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఇటుకలతో కట్టిన లోతైన గుంత, దానిమీద బోర్లించిన ఇనుప డ్రమ్ము. పేడనీళ్ళలో చెత్త కలిపి పోస్తే, లోపల కంటికి కనపడని పురుగులు దాన్ని తిని గ్యాసు వదులుతాయి. గ్యాసు నిండేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది, వాడేకొద్దీ దిగుతుంది. గొట్టం నేరుగా కాంటీను పొయ్యికి పోతుంది. చిల్లు పడితే సందు చివరి వెల్డింగ్ మేస్త్రీ వచ్చి అతుకు వేసి పోతాడు. మిగిలిన మడ్డిని ఆకుకూరల తోటవాళ్ళు ఎరువుకని ఎగబడి తీసుకుపోతారు. దీనికి ముందు ఎక్కడినుంచో ఓడలో ఒక మెషీను తెప్పించారు. దాంట్లో వేలెడంత ముక్క విరిగింది. ఇక్కడ దొరకదన్నారు, ఆ ముచ్చట అంతటితో సరి. ఇప్పుడు దాంట్లో కుక్కలు పిల్లల్ని పెడుతున్నాయి.

తొట్టి మంచిదే, మనుషులే దరిద్రం. "ఆకులూ కాయలే వెయ్యండ్రా బాబూ" అని ఆమె గొంతు చించుకుంటుంటే, ఒకడు ప్లాస్టిక్ సంచులు వేస్తాడు, ఇంకొకావిడ పసిపిల్ల డైపరు మడిచి మరీ వేస్తుంది. ఒక మహానుభావుడు గడ్డం గీసుకున్న బ్లేడు పడేశాడు. ఆమె చెయ్యి తెగి రక్తం కారుతుంటే, "చూసుకోవద్దూ కంపక్కా!" అన్నాడు ఉల్లిపాయల వ్యాపారి పళ్ళికిలిస్తూ. వాడి మొహాన ఆ బుట్ట బోర్లించాలన్నంత అసహ్యం వేసింది ఆమెకు.

అలాంటి రోజుల్లోనే మార్కెట్ ప్రెసిడెంటు ఇస్త్రీ చొక్కాతో తొట్టి దగ్గరికొచ్చాడు. రావడమంటే దగ్గరికేమీ రాలేదు, దూరంగా గాలి ఎటు వీస్తోందో చూసుకుని నిలబడ్డాడు.

"సోమవారం డబ్బు పెట్టే పెద్దవాళ్ళు చూడ్డానికొస్తున్నారు. నచ్చిందా, ఊరూరా మార్కెట్లలో ఇలాంటివి కట్టిస్తారు, నీ ఉద్యోగం ఖాయం. నచ్చలేదా, గుంతలో మట్టి పోయించి స్కూటర్లు పెట్టించేస్తా. వాళ్ళు ముక్కు మూసుకున్నారంటే నాకు తల కొట్టేసినట్టే. ఇవిగో ఫినాయిల్ డబ్బాలు. నేలకీ గోడలకీ కొట్టు. కావాలంటే లోపలా పొయ్యి."

లోపల పోస్తే పురుగులు చస్తాయని ఆమెకు తెలియక కాదు. సబ్బునీళ్ళ చుక్క పడితేనే కాంటీను వాళ్ళతో తగువుకు దిగే మనిషి! నేలా గోడలూ కడిగింది, వంగి వాసన చూసింది. తొట్టి మూతి దగ్గర కంపు అలాగే ఉంది. వచ్చేది పెద్దింటి ఆడవాళ్ళట. వాళ్ళు కూడా తనను చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారా? ఆ ఒక్క రోజైనా తనను మనిషిలా చూడొద్దా? కొంచెం పోస్తే ఏమవుతుందిలే అనుకుంది. కొంచెమన్నది డబ్బా అడుగు కనపడేదాకా ఆగలేదు.

మర్నాడు డ్రమ్ము సగమే లేచింది. ఆ తర్వాత అసలు కదల్లేదు. సోమవారం పొద్దున చూస్తే గుంతలో చతికిలబడి ఉంది. కాంటీన్లో వంటచేసే తోడికోడలు పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, పొయ్యి వెలగట్లేదే! తొట్టికేమైంది?"

"నా తలకాయైంది," అంది ఆమె. తనమీద తనకే రోత పుట్టింది.

ప్రెసిడెంటు మాత్రం ఏమీ కంగారుపడలేదు. గ్యాసు సిలిండరు తెప్పించి పొయ్యి గట్టు కింద పెట్టించాడు, గోనెసంచి కప్పించాడు, తొట్టి గొట్టం ఊడదీసి సిలిండరు గొట్టం తగిలించాడు. "నువ్వు నవ్వుతూ వెలిగించు చాలు. నోరు మాత్రం విప్పకు," అన్నాడు. ఎంత తేలిక! ఇలాంటి పనులు చేసి చేసి చెయ్యి తిరిగినట్టుంది.

పెద్దవాళ్ళు వచ్చారు. ఆమె పొయ్యి వెలిగించింది. నీలిమంట భగ్గుమంది, చప్పట్లు కొట్టారు. వాళ్ళలో పెద్దావిడ గుండెలనిండా గాలి పీల్చి, "చెత్త నుంచి గ్యాసు! పైగా వాసనన్నదే లేదు! ఎంత శుభ్రంగా ఉంచావమ్మా," అని కంపక్క చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి ఎవరైనా పట్టుకుని ఎన్నాళ్ళైందో! ఒక్క క్షణం అలాగే ఉంచేసుకోవాలనిపించింది. పక్కన ప్రెసిడెంటు, "అన్నిచోట్లా ఇలాగే కంపు లేకుండా కట్టిద్దాం మేడమ్" అంటున్నాడు. అన్నిచోట్లా! ప్రతి మార్కెట్లో ఒక చచ్చిన తొట్టి, దాని పక్కన గోనెసంచి కింద ఒక సిలిండరు, నోరు మూసుకుని నవ్వే ఒక ఆడది. ఆమె తన చెయ్యి విడిపించుకుని, వంగి, గోనెసంచి లాగేసి సిలిండరు కట్టేసింది. మంట ఆరిపోయింది.

"ఇది కొన్న గ్యాసమ్మా. మా తొట్టి చచ్చిపోయింది."

"ఏయ్, నీకేమైనా పిచ్చా?" ప్రెసిడెంటు అరిచాడు.

పెద్దావిడ మొహం పాలిపోయింది. "చచ్చిపోవడమేంటి? ఎవరేం చేశారు?"

"నేనే. ఫినాయిల్ పోశాను. ఈయన పొయ్యమన్నాడు, నిజమే. కానీ నేను పోసింది ఈయన కోసం కాదు. మీరు నన్ను చూసి ముక్కు మూసుకుంటారని పోశాను."

తోడికోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రెసిడెంటు రుమాలుతో మెడ తుడుచుకుంటూ, రేపే మట్టి తోలిస్తానన్నట్టు గుంత వైపు చూశాడు.

"మరిప్పుడేం చేస్తావు?" అంది పెద్దావిడ.

"మట్టి పొయ్యకుండా ఉంటే ఆ విషమంతా తోడేస్తాను. పశువుల పాకల నుంచి పచ్చిపేడ తెచ్చి మళ్ళీ మొదలుపెడతాను. డ్రమ్ము లేచాక రండి, చూపిస్తాను," అంది ఆమె. "కంపు మాత్రం కొడుతుందమ్మా. బతికుంటే కొడుతుంది."