డైలాగ్‌లో లేని పేరు

ఎనభైల మొదట్లో జంషెడ్‌పూర్‌లో మాంగో అనే పేటకి వెళ్ళే బస్సెక్కాను. పక్క సీట్లోని, ఉక్కు మిల్లులో పనిచేసే శ్రీకాకుళం కార్మికుడు, అప్పట్లో అందరి నోళ్ళలో నానుతున్న ఒక తెలుగు సినిమా డైలాగ్ చెప్పాడు. ముందు విలన్ పేరు పెట్టి పిలిచి, ఆ తర్వాత ‘తప్పుకో, ఈ దారి నాది’ అన్నాడు. వెనక సీట్లోని ఇద్దరు తెలుగువాళ్ళూ అలాగే అందుకున్నారు.

“సినిమాలో ఆ డైలాగ్‌కి ముందు పేరు లేదండీ,” అన్నాను.

“నాను నాలుగుసార్లు చూసేను బాబూ. పేరెట్టే పిలిచేడు.” మళ్ళీ అన్నాడు: “మా మిల్లు రొదలో పేరెట్టకపోతే ఎవుడూ తిరిగి చూడడు. మా బావని ఉత్తినే ‘తప్పుకో’ అని కేకేసేరు. ఇంకెవుడినో అంటన్నారనుకున్నాడు. క్రేను మీదకొచ్చీసింది.”



తర్వాత ఆ సినిమా మళ్ళీ చూశాను. పేరు లేదు. హీరో ‘తప్పుకో’ అన్నాడు. విలన్ కదల్లేదు. తననే అంటున్నారని అతనికి తెలియలేదేమో అనిపించింది.