వద్దన్న పాలు

పాలకేంద్రంలో ఆమెను అందరూ ముక్కుపిన్ని అంటారు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. పదకొండేళ్లుగా ముందు గుమ్మంలో కూర్చుని, వచ్చిన ప్రతి క్యాను మూత తీసి వాసన చూడటం ఆమె పని. వెన్న శాతం కొలవడానికి మిషను ఉంది. కానీ జబ్బు ఆవు పాలు, కడగని క్యానులో పోసిన పాలు మిషను కంటే ముందు ఆమె ముక్కుకే తెలుస్తాయి. బాగుంటే తలూపుతుంది. లేకపోతే మూత పెట్టేసి "వద్దు" అంటుంది. బతిమాలినా, తిట్టినా, చుట్టరికం కలిపినా ఆ మాట మారదు. కోపం కూడా ముక్కు మీదే ఉంటుందని జనం నవ్వుకుంటారు.

అలాంటి మనిషి ఇంట్లోనే ఆవుకి పొదుగువాపు వచ్చింది. ఉన్నది ఒక్క ఆవు. ఒక చన్ను రాయిలా గట్టిపడింది. పిండితే పాలలో విరిగిన తునకలు, సన్నటి నెత్తుటి చారలు. పశువుల డాక్టరు సూదులు మొదలుపెట్టి, అవి అయిపోయాక కూడా నాలుగు రోజుల దాకా ఒక్క చుక్క ఎవరికీ పోయొద్దని, అన్నీ కాలవలో పారబోయమని చెప్పాడు. డాక్టరు ఫీజు, మందులు, పోయిన పాలు, అన్నీ కలిపి చూసుకుని ఆమె మొగుడు తల పట్టుకున్నాడు. ఈ నెలంతా ఆవుని మనమే పోషిస్తున్నాం అన్నాడు.

మూడో రోజు పొద్దున్న లైన్లో అతనే నిలబడ్డాడు. మొహం చూడకుండా క్యాను ముందుకి జరిపాడు. మూత తియ్యగానే మందు వాసన, దాని అడుగున చీము వాసన. పాతికేళ్లు కాపురం చేసినవాడు తనని ఇంత చవగ్గా లెక్కగట్టాడా అని ఆమెకు ఒళ్లు మండింది. "వద్దు" అంది. వెనకున్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అతను క్యాను ఎత్తుకుని పోయాడు. ఆ పూటంతా ఆమెకు కాస్త గర్వంగానే ఉంది, దాచడం దేనికి.

సాయంత్రం ఇంటికెళ్తే అతను తీరిగ్గా, కులాసాగా కనిపించాడు. పాలు కాలవలో పోశావా అని అడిగింది.

"కాలవలో ఎందుకు పోస్తానే? మీ కేంద్రం వెనక గుమ్మం దగ్గర సూపర్‌వైజరు సగం రేటుకి తీసుకున్నాడు. నువ్వు వద్దన్నవన్నీ అక్కడికే కదా పోయేది. నీకు తెలీదా?"

తెలీదు. తెలియనిది ఆమె ఒక్కతికే. వద్దన్న పాలు సగానికి కొని, మంచి పాల ట్యాంకులో కలిపేసి, పూర్తి ధర రాసుకుంటున్నాడు ఆ పెద్దమనిషి. అన్ని పాలలో కాస్త చీము కలిస్తే ఎవరు పట్టుకుంటారు? నీ అంత నిక్కచ్చి మనిషి లేదంటూ ఏటా జీతం పెంచింది ఇందుకన్నమాట. ఆమె ఎంత గట్టిగా ఉంటే వాడికి అంత రాబడి. ఛీ, ఎంత నీచం!

స్టవ్వు మీద పాలగిన్నె ఉంది. ఇంటి పాలన్నీ కేంద్రానికి పోసి, తాగడానికి ఆ పాలు వెళ్లే డెయిరీ ప్యాకెట్లే కొంటారు. ఆమె వంగి వాసన చూసింది. కమ్మగానే ఉన్నాయి. పదకొండేళ్లుగా తను వద్దన్నదే తను తాగుతూ వచ్చింది, అదీ కమ్మగా ఉందనుకుంటూ. గబగబా తూము దగ్గరికి పోయి వాంతి చేసుకుంది.

మర్నాడు ఆమె ముందు గుమ్మానికి పోకుండా నేరుగా వెనక్కి నడిచింది. మొగుడూ మరో ఇద్దరూ క్యాన్లతో ఉన్నారు. ఒక్కడి మొహంలోనూ సిగ్గు లేదు. సూపర్‌వైజరు కూడా తొణకలేదు.

"నువ్వు వాసన చూడు పిన్నీ, చాలు. ఎటు పోయాలో నేను చూసుకుంటాను."

ఆమె ట్యాంకు అడుగునున్న కుళాయి పూర్తిగా తిప్పేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. పాలు గచ్చు మీదుగా గుమ్మం దాటి కాలవలోకి పారాయి. ముందు లైన్లో వాళ్లు పరిగెత్తుకొచ్చారు. అందులో మా మంచి పాలు కూడా ఉన్నాయి పిన్నీ అని ఒకావిడ ఏడ్చింది.

"ఉంటే ఏరుకో" అంది ఆమె.