డేగ లేని డేగ కూత

అరియపాలకి తన నీడ మీద కూడా పూర్తి నమ్మకం లేదు. ఏళ్ల తరబడి తేయాకు తోటకి కాపలా కాసిన మనిషి. రాలిన ఆకు కనిపించినా రాల్చిందెవరా అని చుట్టూ చూస్తాడు. తోట చేతులు మారాక, శ్రీలంకలోని సింహరాజ అడవి అంచున పిట్టల మీద పరిశోధన చేసే ఇందీవరి మేడమ్ దగ్గర చేరాడు. అక్కడ రకరకాల పిట్టలు ఒకే గుంపు కట్టి మేతకి తిరుగుతాయి. జలగల చేత కరిపించుకుంటూ ఆ గుంపు వెంట నడిచి, వాటి కూతలు రికార్డరులో పట్టడం అతని పని.

గుంపులో అతనికి నచ్చింది నల్లటి ఏట్రింత పిట్ట ఒక్కటే. మిగతావి ఆకులు దులిపి పురుగులు తింటుంటే అది తల మీది కుచ్చు ఊపుకుంటూ పైకొమ్మన కూర్చుంటుంది. డేగ వస్తే కేకేస్తుంది.

"డ్యూటీ అంటే అదీ!" అని పెళ్లాం లీలావతికి రోజూ చెప్పేవాడు.

ఇంతలో ఒక చిక్కొచ్చిపడింది. గుంపు మంచి మేతలో ఉండగా డేగ కూత వినపడేది. గుంపులోని నారింజముక్కు పిట్టలు నోటి దగ్గరి పురుగులు వదిలేసి పొదల్లో దూరేవి. తలెత్తి చూస్తే డేగ ఉండేది కాదు.

"ఎవరైనా ఈల వేస్తున్నారేమో అరియపాలా," అంది మేడమ్. "అదే అయితే ఈ రికార్డులన్నీ పారేసి, గుంపు వెంట నువ్వు నడిచే ఆ దారి మూసేయాల్సిందే."

దారి మూస్తే అతని పనీ పోయినట్టే. ఈల వేసేదెవరో అతనికి అప్పుడే తెలిసిపోయింది. బామ్మర్ది నందసేన! ఆ దారిలోనే జీలుగు కల్లు గీస్తాడు. కొత్త సంవత్సరం ఆటల్లో డేగలా కూసి ఊరి కోళ్లన్నిటినీ పరిగెత్తించిన ఘనుడు.

"మా తమ్ముణ్ణి అన్నావంటే రేపట్నించి అన్నం నువ్వే వండుకో," అంది లీలావతి.

"రుజువుతోనే వస్తా."

మర్నాడు గుంపు సరిగ్గా నందసేన ఎక్కిన జీలుగు చెట్టు దగ్గర మేతకి దిగింది. డేగ కూత! పిట్టలు చెదిరిపోయాయి.

"దొరికావురా! దిగు కిందికి! ఈలలేసి నా ఉద్యోగం ఊడగొడతావా, దొంగవెధవా!"

నందసేన నిదానంగా దిగాడు. గీసేటప్పుడు మాట్లాడితే కల్లు తగ్గుతుందని వాళ్ల తాత చెప్పాడట. అందుకని చెట్టెక్కేముందు నోటినిండా తాంబూలం కుక్కుకుంటాడు. ఉబ్బిన రెండు బుగ్గలూ బావకి వేలుపెట్టి చూపించాడు. ఆ నోట్లోంచి ఈల కాదు గదా, ఊపిరే కష్టం.

అప్పుడే మళ్లీ డేగ కూత.

ఇద్దరూ తలెత్తారు. పైకొమ్మన ఏట్రింత ఆ డేగ కూత ముగించి, కిందికి దూకి, ఏదో పిట్ట వదిలేసిన మిడతని కరుచుకుపోయింది.

నందసేన తుపుక్కున ఉమ్మాడు. "ఊళ్లో అందర్నీ అనుమానించావు బావా. ఆ పైకొమ్మ కాపలావాణ్ణి మాత్రం వదిలేశావు. మీవాడనా?"

ఇదంతా రికార్డరు వింటూనే ఉంది. మేడమ్ రెండుసార్లు వేయించుకుని మురిసిపోయింది. రికార్డులు పనికొస్తాయి, దారీ మూయక్కర్లేదు.

"ఆ తిట్లు చెరిపేయండి మేడమ్," అని గొణిగాడు అరియపాల.

"ఎలా చెరపను? నీ తిట్లకి అతను దిగొచ్చాక కూడా కూత వినపడింది. కూసింది మనిషి కాదనడానికి సాక్ష్యం అదే కదా!"

ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా ముందు అదే వినిపిస్తారు. డేగ కూత, దొంగవెధవా, మళ్లీ డేగ కూత.

ఆ గొడవ జరిగిన సాయంత్రమే నందసేన అక్క చేత జీలుగు బెల్లం పంపాడు. అరియపాల ఓ ముక్క తీసుకుని వాసన చూశాడు, తిప్పి చూశాడు.

"వీడు ఊరికే ఎందుకు పంపాడంటావు?"

లీలావతి అతని చేతిలో ముక్క లాక్కుని, బెల్లం కొరుక్కుంటూ తాగే చేదు టీ ఒక్కటే ముందు పెట్టింది.